ఒకే లింకు, క్లాసంతా ఒకే పేజీ, ఒక పాడు మాట

బెంగళూరులో కె.ఆర్.పురం వైపు ఒక ప్రైవేట్ స్కూల్లో సోషల్ చెప్పే టీచర్ రాశారు. పేరు, స్కూలు పేరు వద్దన్నారు, సరే. ఉత్తరం చాలా పెద్దది, ముఖ్యమైనదేదీ పోకుండా కుదించి ఇస్తున్నాను.

ఆవిడ సొంతూరు మదనపల్లె దగ్గర, పెళ్ళయ్యాక బెంగళూరు వచ్చారు. స్కూలు పెద్ద పేరున్నదేమీ కాదు, ఫీజు తక్కువ, ఎనిమిదో తరగతిలో నలభై మంది దాకా పిల్లలు, అందులో సగానికి పైగా తెలుగువాళ్ళే. అనంతపురం నుంచో కర్నూలు నుంచో వచ్చి క్యాబ్ నడుపుకునే నాన్నలు, అపార్ట్‌మెంట్లలో హౌస్‌కీపింగ్‌కి వెళ్ళే అమ్మలు. ఈసారి పిల్లలకి "మన చుట్టుపక్కల చెరువులు" అని ప్రాజెక్టు ఇచ్చారు. ఏటా చార్టు మీద బొమ్మలు అతికించి, నెట్‌లో దొరికింది దించేసి తెస్తుంటే చూసీ చూసీ విసుగొచ్చి, గూగుల్ డాక్స్‌లో ఒక డాక్యుమెంట్ తెరిచి, లింకు ఉన్నవాళ్ళెవరైనా రాయొచ్చు అని పెట్టి, దాన్ని క్లాసు వాట్సాప్ గ్రూపులో పంపేశారు.

మొదట్లో బ్రహ్మాండంగా నడిచింది. బెల్లందూరు చెరువుకి 2017లో నిప్పంటుకుందని ఒక కుర్రాడు రాస్తే, "నీళ్ళకి నిప్పెలా అంటుకుంటుంది? ఎవరు చెప్పారు?" అని పక్కన కామెంట్‌లో ఒకమ్మాయి నిలదీసింది. వాడు పాత వార్త వెతికి తెచ్చి పెట్టాడు. ఇంకొకడు ఆ చెరువులో కలిసే మురుగు గురించి, నురగ గురించి, గట్టున పోసే చెత్త గురించి రాశాడు. "క్లాసులో నోరు విప్పని పిల్లలు అక్కడ వాదించుకుంటుంటే, నేను ఇన్నేళ్ళుగా చెప్పిన పాఠాలన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు అనిపించింది మేడం" అని రాశారావిడ.

తర్వాత ఒక రాత్రి ఎవరో పేజీ మొత్తం చెరిపేసి, ఆ కామెంట్ పెట్టిన అమ్మాయి గురించే, ఆమె రంగు మీద, వాళ్ళమ్మ చేసే పని మీద ఒక పాడు వాక్యం రాసి పెట్టారు. తెల్లారేసరికి స్క్రీన్‌షాట్లు తిరిగాయి. అమ్మాయి స్కూలుకి రాలేదు, వాళ్ళ నాన్న గేటు దగ్గరే అరిచారు. ప్రిన్సిపాల్ పిలిచి "ఎవరో తేల్చండి" అన్నారు. ఈవిడ పాత వెర్షన్లు తెరిచి చూస్తే ఆ సమయంలో ఒక కుర్రాడి తల్లి పేరు కనిపించింది. ఆ కుర్రాడు అల్లరివాడు, కాబట్టి వాడే అని స్టాఫ్‌రూమంతా నమ్మేసింది. వాడేమో "నేను కాదు మిస్, ఆరోజు ఫోను ట్యూషన్లో అందరి చేతుల్లో తిరిగింది" అని ఏడుస్తున్నాడు. టీసీ ఇచ్చి పంపేద్దామంటున్నారు ప్రిన్సిపాల్. ఈ ఆన్‌లైన్ వ్యవహారాలన్నీ బంద్ అంటోంది మేనేజ్‌మెంట్. "బోర్డూ చాక్‌పీసూ చాలవా?" అని ఒక సీనియర్ టీచర్, "వాళ్ళిచ్చే జీతానికి ఈ టెన్షన్ అవసరమా?" అని ఇంట్లో భర్త. దీనికి తోడు ఫోన్ లేని పిల్లలు నలుగురైదుగురున్నారు, ఈవిడ జీమెయిల్ నిండిపోయిందని రోజూ హెచ్చరిక వస్తోంది. ఆవిడ అడిగినవి ఇవి: ఆపేయాలా, కొనసాగించాలా? కొనసాగిస్తే పైసా ఖర్చు లేకుండా దేనితో? ఆ కుర్రాడి పేరు రాసిచ్చేయాలా?

టీచర్ గారూ,

ముందు ఆ చివరి ప్రశ్నకే వస్తాను, మిగతావి నెలాఖరుకి తేలినా నష్టం లేదు, ఇది మాత్రం రేపు పొద్దున్నే మీ టేబుల్ మీదుంటుంది. అంతకంటే ముందు ఆ అమ్మాయి సంగతి. మీ ఉత్తరంలో కుర్రాడి గురించి రెండు పేజీలుంటే ఆ పిల్ల గురించి నాలుగు లైన్లున్నాయి. దెప్పడానికి అనడం లేదు, పై నుంచి అందరూ "ఎవరు, ఎవరు" అని అడుగుతుంటే మనసు అటే పోతుంది.

మీరు పాత వెర్షన్ తిరిగి పెట్టేశాను, ఇప్పుడు పేజీ శుభ్రంగా ఉంది అన్నారు. పైకి శుభ్రంగానే ఉంటుంది. కానీ పాత వెర్షన్‌ని వెనక్కి తెచ్చినంత మాత్రాన మధ్యలో రాసింది పోదు, అది హిస్టరీలో అలాగే కూర్చుని ఉంటుంది, రాసే అనుమతి ఉన్న ఎవరైనా కంప్యూటర్‌లో ఫైల్ మెనూలోకి వెళ్ళి, వెర్షన్ హిస్టరీ తెరిచి, ఆ రాత్రి మీద నొక్కితే ఆ వాక్యం మళ్ళీ కళ్ళముందుకి వస్తుంది. అంటే ఈ క్షణానికి మీ క్లాసు మొత్తం దాన్ని చూడగలదు. కాబట్టి ఈ ఉత్తరం చదవడం ఆపి ముందు ఒక పని చేయండి. ఆ డాక్యుమెంట్‌కి ఒక కాపీ తీయండి, కాపీలోకి పాత హిస్టరీ రాదు, పిల్లలు రాసింది మాత్రమే వస్తుంది. ఇక పాతదానికి షేర్ బటన్ నొక్కి, లింకు ఉన్న అందరికీ అన్నచోట రిస్ట్రిక్టెడ్ అని మార్చండి, విడిగా ఎవరినైనా చేర్చి ఉంటే వాళ్ళనీ తీసేయండి. పాతదాన్ని డిలీట్ మాత్రం చేయొద్దు. రేపు ఆ తండ్రి గట్టిగా అడిగితే ఏం జరిగిందో చూపించడానికి అదొక్కటే ఉంది, ట్రాష్‌లో వేస్తే 30 రోజులకి దానంతటదే పోతుంది. తిరిగిన స్క్రీన్‌షాట్లని మాత్రం ఎవరూ వెనక్కి తేలేరు, ఆ మాట ఆ తల్లిదండ్రులతో దాచకుండా చెప్పడమే నయం.

వీలైతే మీరే ఫోన్ చేయండి. స్కూలు తరఫున ఎవరో ఆఫీసు మనిషి చేయడం కాదు, మీరే. "మీ అమ్మాయి ఆ ప్రాజెక్టులో అందరికంటే మంచి ప్రశ్న అడిగింది, అందుకే ఎవరికో కడుపు మండింది" అన్న సంగతి ఆ తండ్రికి ఇప్పటిదాకా ఎవరూ చెప్పి ఉండరని నా అనుమానం. ఆయనకి తెలిసిందల్లా తన కూతుర్ని ఏదో కంప్యూటర్‌లో తిట్టారని. రాసింది రంగు గురించీ, తల్లి పని గురించీ కాబట్టి ఇంతవరకూ ఇది స్కూల్లో తేలాల్సిన విషయమే అనుకుంటున్నాను. ఒకవేళ ఫోటోలో, బెదిరింపులో, ఇంకా పాడు మాటలో ఉండి మీరు నాకు రాయలేకపోయి ఉంటే అప్పుడు లెక్క వేరు, చైల్డ్‌లైన్ 1098కి చేయడానికి స్కూలు అనుమతి అక్కర్లేదు.

ఇక కుర్రాడు. వెర్షన్ హిస్టరీ మీకు చూపించేది ఒక అకౌంట్ పేరు. ఆ అకౌంట్ ఏ ఫోన్‌లో ఉందో ఆ ఫోన్ నుంచి రాశారని దానర్థం, అంతవరకే. మీ కేసులో కనబడుతున్నది పిల్లాడి పేరు కూడా కాదు, వాళ్ళమ్మ పేరు. గూగుల్ అకౌంట్ సొంతంగా తెరవాలంటే మన దేశంలో 13 ఏళ్ళు నిండాలి, ఎనిమిదో తరగతిలో సగం మంది ఆ గీతకి అటూ ఇటూ ఉంటారు, అందుకే వాళ్ళందరూ అమ్మ ఫోన్‌లో, నాన్న ఫోన్‌లో, అక్క ఫోన్‌లో తెరిచి ఉంటారు. పైగా లాగిన్ కాకుండా తెరిచినవాళ్ళకి గూగుల్ ఏదో ఒక జంతువు బొమ్మా, పేరూ తగిలిస్తుంది, వాళ్ళెవరో మీకు ఎప్పటికీ తెలియదు. మీ హిస్టరీలో అదే రాత్రి పేరులేని వాళ్ళ ఎడిట్లు కూడా ఉన్నాయని మీరే ఒక మూల రాశారు. చెరిపింది ఒకరు, రాసింది ఒకరు కూడా అయి ఉండొచ్చు. ట్యూషన్లో ఫోన్ చేతులు మారింది అన్న పిల్లాడి మాట అబద్ధమే కావచ్చు, కానీ మీ దగ్గరున్న ఆధారం దాన్ని అబద్ధమని తేల్చలేదు.

ఇందులో మీకు మూడు దారులున్నాయి. పేరు రాసిచ్చేయడం తేలిక, గొడవ ఆరోజుకి చల్లారుతుంది, ప్రిన్సిపాల్ దగ్గర మీ మాట నిలబడుతుంది. కానీ నిజంగా వాడు కాకపోతే, అసలు రాసినవాడు ఆ క్లాసులోనే కూర్చుని చూస్తుంటాడు, మిగతా పిల్లల్లో కనీసం కొంతమందికి నిజం తెలుసు, ఆ తర్వాత మీరు ఆ క్లాసులో పౌరహక్కుల పాఠం ఏ మొహంతో చెబుతారు? రెండోది, నాకేమీ తెలియదని చేతులు దులుపుకోవడం. అది ఆ అమ్మాయికి చేసే అన్యాయం, పైగా హిస్టరీ మీ దగ్గరుందని అందరికీ తెలుసు. మూడోది కాస్త కష్టం: ఉన్నది ఉన్నట్టు కాగితం మీద రాసివ్వడం. "ఫలానా సమయానికి ఫలానా అకౌంట్ నుంచీ, పేరు తెలియని అకౌంట్ల నుంచీ మార్పులు జరిగాయి, ఆ ఫోన్ ఎవరి చేతిలో ఉందో దీని ద్వారా చెప్పలేము" అని. దీనివల్ల మీమీద చిరాకు పడతారు, "సూటిగా చెప్పమంటే డొంకతిరుగుడా" అంటారు. అయినా నేను మీ స్థానంలో ఉంటే ఇదే రాస్తాను, ఎందుకంటే రేపు ఆ కుర్రాడి తండ్రి ఎవర్నో వెంటబెట్టుకుని వస్తే మొదట అడిగేది "ఎవరు చెప్పారు?" అనే, అప్పుడు ప్రిన్సిపాల్ చూపుడువేలు మీ కాగితం వైపే ఉంటుంది.

టీసీ మాట ఎత్తారు కాబట్టి ఇదొకటి. విద్యాహక్కు చట్టం 2009 ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా పిల్లల్ని స్కూలు నుంచి వెళ్ళగొట్టకూడదు, అదే చట్టంలో 17వ సెక్షన్ కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ కూడా నిషేధించింది. ఇది ప్రిన్సిపాల్ గారికి తెలియక కాదు, కోపంలో గుర్తుండదు. స్టాఫ్ మీటింగులో అందరి ముందూ గుర్తు చేయకండి, ఆయన మొండికేస్తారు. విడిగా వెళ్ళి, "సార్, ఎనిమిదో క్లాసు కదా, వాళ్ళు డీడీపీఐ ఆఫీసుకి వెళ్తే మనకే ఇబ్బంది" అనండి చాలు (డీడీపీఐ అంటే జిల్లా విద్యాశాఖ అధికారి). స్కూళ్ళలో చట్టం కంటే ఆ ఆఫీసు పేరు బాగా పనిచేస్తుంది.

క్లాసులో అసలు దోషి కోసం వెతకడం కంటే, ఒక పీరియడ్ మొత్తం తీసుకుని ఆ హిస్టరీ అనేది ఎలా పనిచేస్తుందో పిల్లలకి ప్రొజెక్టర్ మీద చూపించండి. ఆ డాక్యుమెంట్ కాదు, కొత్తగా ఇంకోటి తెరిచి. మీరు నాలుగు లైన్లు రాసి, చెరిపి, మళ్ళీ తెచ్చి చూపించండి. చెరిపేస్తే పోతుందని నమ్మే వయసు వాళ్ళది. చెరిపినా ఉంటుందని కళ్ళతో చూసిన రోజున కొంతమంది చేతులు వాటంతటవే ఆగుతాయి, ఒకరిద్దరు సాయంత్రం మీ దగ్గరికి వచ్చి నసుగుతూ నిలబడినా నేను ఆశ్చర్యపోను. రాకపోయినా సరే.

ఇక ఆపాలా, సాగాలా. ఆపితే ఏమవుతుంది? ఏమీ కాదు, చార్టు పేపర్లు మళ్ళీ వస్తాయి, మేనేజ్‌మెంట్ ఊపిరి పీల్చుకుంటుంది, మీకూ రాత్రిళ్ళు నిద్ర పడుతుంది. మీ ఒంట్లో ఓపిక లేకపోతే ఈ ఏడాదికి ఆపడం తప్పేమీ కాదు, నేను నిజంగానే అంటున్నాను. కానీ "నీళ్ళకి నిప్పెలా అంటుకుంటుంది" అన్న ప్రశ్న, దానికి వచ్చిన జవాబు, దాని మీద మూడోవాడు రాసిన మురుగు సంగతి చార్టు మీద పుట్టవు. చార్టు మీద రాసింది అయిపోయిన విషయం, దాన్ని ఎవరూ ప్రశ్నించరు, జిగురు ఆరితే అంతే. మీకు నచ్చింది డాక్స్ కాదు, ఒకరు రాసినదాన్ని ఇంకొకరు అడ్డుకుని అడగడం. అది దక్కే దారులు ఇంకా ఉన్నాయి, ఒక్కోదానికి ఒక్కో ఖర్చుంది, డబ్బు రూపంలో కాకపోయినా.

ఇదే గూగుల్ డాక్స్‌తో సాగాలనుకుంటే మార్చాల్సినవి కొన్నే. క్లాసంతటికీ ఒకే డాక్యుమెంట్ అన్నది మొదట పోవాలి. ఐదారుగురికి ఒకటి చొప్పున చేయండి, ఒక గుంపుకి బెల్లందూరు, ఒక గుంపుకి వర్తూరు, ఒక గుంపుకి మీ స్కూలు పక్కనున్న చెరువు. లింకు బహిరంగంగా పెట్టకుండా, ఆ ఐదారుగురి తల్లిదండ్రుల మెయిల్ ఐడీలు తీసుకుని వాళ్ళనే చేర్చండి. షేర్ పెట్టెలో పైన సెట్టింగ్స్ గుర్తు ఉంటుంది, అందులో ఎడిటర్లు వేరేవాళ్ళని చేర్చుకోవచ్చు అన్నచోట టిక్ తీసేయండి, అది ముందే టిక్ పెట్టి ఉంటుంది, ఎవరూ గమనించరు. సొంత గుంపు డాక్యుమెంట్‌లో ఎడిటర్, పక్క గుంపుదాంట్లో కామెంటర్. కామెంటర్‌గా ఉన్నవాళ్ళు పక్కన రాయగలరు, సూచనలు ఇవ్వగలరు, అసలు పాఠాన్ని చెరపలేరు. మీకు కావలసిన వాదన అంతా కామెంట్లలోనే కదా జరిగింది. రాత్రి ఏడో ఎనిమిదో దాటాక అందరినీ వ్యూయర్‌కి మార్చేయండి, పొద్దున మళ్ళీ తెరవండి. చిరాకైన పనే, గుంపులు ఎక్కువైతే ఇంకా చిరాకు, కానీ పాడు మాటలు సాధారణంగా పగలు పుట్టవు.

ఒక్కొక్కరూ విడిగా రాయాల్సిన వర్క్‌షీట్ అయితే ఇంకో చిట్కా ఉంది. లింకు చివర ఎడిట్ అని ఇంగ్లీషులో ఉన్న ముక్క తీసేసి, ఆ తర్వాత ఇంకేమన్నా ఉంటే అదీ తీసేసి, కాపీ అని ఇంగ్లీషులో టైప్ చేసి పంపితే, తెరిచిన ప్రతివాళ్ళనీ "మీ కాపీ చేసుకుంటారా" అని అడుగుతుంది. షేరింగ్‌లో అందరినీ వ్యూయర్‌గా పెడితే మీ అసలు డాక్యుమెంట్‌ని ఎవరూ ముట్టుకోలేరు. దీనికి మాత్రం వాళ్ళు లాగిన్ అయి ఉండాలి.

అకౌంట్ల గొడవే వద్దనుకుంటే ఈథర్‌ప్యాడ్ లాంటివి ఉన్నాయి. లాగిన్ అక్కర్లేదు, పేజీ తెరిచి పేరు టైప్ చేసుకుని రాయడం మొదలుపెట్టొచ్చు, ఒక్కొక్కరి రాత ఒక్కో రంగులో పడుతుంది, తెలుగైనా కన్నడమైనా రాస్తుంది. దాంట్లో టైమ్‌స్లైడర్ అని ఉంటుంది, మొదటి అక్షరం నుంచి చివరిదాకా రాత ఎలా పెరిగిందో సినిమా రీలులా తిప్పి చూడొచ్చు, పిల్లలకి భలే నచ్చుతుంది. మరి కష్టమేంటంటే, పేరు అనేది వాళ్ళు టైప్ చేసిందే, ఎవడైనా ఎవరి పేరైనా పెట్టుకోవచ్చు. ఉచితంగా నడిపే సర్వర్లు చాలావాటిల్లో కొన్నాళ్ళు ముట్టుకోకపోతే ప్యాడ్‌ని తీసేస్తారు. ప్యాడ్ చిరునామా తెలిసినవాళ్ళెవరైనా లోపలికి రావచ్చు. కాబట్టి ఇది మీ కళ్ళముందు, ల్యాబ్‌లో, ఒక పీరియడ్ పాటు వాడుకుని, గంట కొట్టేలోపు రాసిందంతా దించుకుని మూసేయడానికి బాగుంటుంది. ఇంటికి పంపడానికి మాత్రం వద్దు, మీకు ఎదురైన గొడవే మళ్ళీ ఎదురవుతుంది, ఈసారి హిస్టరీలో అమ్మ పేరు కూడా ఉండదు. క్రిప్ట్‌ప్యాడ్ అని ఇంకోటుంది, రాసింది నడిపేవాళ్ళకి కూడా కనబడకుండా తాళం వేసి దాస్తుంది. మంచిదే, కానీ పాస్‌వర్డ్ మర్చిపోతే వాళ్ళు కూడా తిరిగి తేలేరు, ఎనిమిదో తరగతి పిల్లలతో పాస్‌వర్డ్ మర్చిపోవడం అన్నది జరిగి తీరుతుంది.

స్కూలు పేరు మీద చేయించడం అసలైన పరిష్కారం, ఆలస్యమైన పరిష్కారం కూడా. గూగుల్ వాళ్ళ వర్క్‌స్పేస్ ఫర్ ఎడ్యుకేషన్‌లో ఫండమెంటల్స్ అన్నది అర్హత ఉన్న స్కూళ్ళకి ఉచితం, మైక్రోసాఫ్ట్‌కి కూడా స్కూళ్ళకిచ్చే ఉచిత ప్లాన్ ఉంది. స్కూలుకి సొంత వెబ్ డొమైన్, అంటే స్కూలు పేరు మీద నెట్‌లో ఒక చిరునామా, ఉండాలి, స్కూలు అని వాళ్ళు నిర్ధారించుకోవాలి, లోపల ఒకరు అడ్మిన్‌గా ఉండి పిల్లలందరికీ ఐడీలు ఇవ్వాలి. అప్పుడు బయటివాళ్ళెవరూ రాలేనట్టు బిగించొచ్చు, పేరు చూస్తే పిల్లాడి పేరే ఉంటుంది, క్లాస్‌రూమ్ అనేదాన్లో అసైన్‌మెంట్ ఇచ్చేటప్పుడే "ప్రతి విద్యార్థికీ ఒక కాపీ" అని పెట్టొచ్చు. మీరు అడ్మిన్ పని నెత్తినేసుకోకండి. మీరే వేసుకుంటారని నాకు భయంగా ఉంది. పాస్‌వర్డ్‌లు మర్చిపోయిన పిల్లలు, వాళ్ళ తల్లులు రాత్రి పదింటికి మీకే ఫోన్ చేస్తారు, జీతం మాత్రం మీవారన్నంతే ఉంటుంది. కంప్యూటర్ సార్‌కి ఆ పని రాతపూర్వకంగా ఇప్పిస్తేనే ఒప్పుకోండి.

మేనేజ్‌మెంట్‌ని ఒప్పించడానికి ఒక మాట పనికొస్తుంది. 2023లో వచ్చిన డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం 18 ఏళ్ళలోపు వాళ్ళందర్నీ పిల్లలుగానే లెక్కేస్తుంది, వాళ్ళ వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి అనే మాట అందులో ఉంది. కాబట్టి టీచర్లు ఎవరికి వాళ్ళు సొంత జీమెయిల్‌తో నడుపుకోవడం కంటే, స్కూలే ఒక పద్ధతి పెట్టి, ఇంటికి ఒక కాగితం పంపి సంతకం తీసుకోవడం వాళ్ళకే క్షేమం. "నాకు సరదా" అంటే వినరు, "మీకు రక్షణ" అంటే వింటారు. ఇంటికి పంపే కాగితం మాత్రం ఇంగ్లీషులో ఒక్కటే కాకుండా తెలుగులోనూ కన్నడంలోనూ ఉండాలి, లేకపోతే సంతకం పిల్లాడే చేస్తాడు.

ఫోన్ లేని పిల్లల గురించి మీరు ఉత్తరం చివర్లో, ఏదో గుర్తొచ్చినట్టు రాశారు గానీ నాకు ఇదే పెద్ద విషయంగా తోచింది. ఒకమ్మాయి వాళ్ళమ్మ పని నుంచి తొమ్మిదింటికి వచ్చాక ఫోన్ తీసుకుని, అప్పటికి అందరూ రాసేసి ఉంటే, "నేను చెప్పాలనుకున్నదే ఉంది మిస్" అని ఊరుకుంటోందన్నారు కదా. ఆ పిల్ల పేరు హిస్టరీలో లేదు. మార్కులు హిస్టరీ చూసి వేస్తే ఆమెకి సున్నా పడుతుంది, ఆమె ఆలోచించలేదు కాబట్టి కాదు, ఛార్జింగ్ ఉన్న ఫోన్ ఏడింటికి ఇంట్లో లేదు కాబట్టి. అందుకే ఇంటిదగ్గర రాయడం అన్నది తప్పనిసరి కాకూడదు. మీ ల్యాబ్‌లో నెట్ ఉంది, వారానికి ఒక కంప్యూటర్ పీరియడ్ ఉంది అన్నారు. ప్రాజెక్టు పొడుగునా ఆ పీరియడ్‌ని మీకు ఇవ్వమని అడగండి, ఒక సిస్టమ్ దగ్గర ఇద్దరు కూర్చోవాలి. ఒకరు చెప్పాలి, ఒకరు టైప్ చేయాలి, సగంలో మారాలి. చెప్పినవాళ్ళ పేరు పేరా చివర బ్రాకెట్‌లో పడాలి. ఆ సిస్టమ్స్‌లో నెట్ లేకుండా పనిచేసే లిబ్రే ఆఫీస్ ముందే వేయించి పెట్టుకుంటే, నెట్ పోయిన రోజున అందులో రాసి తర్వాత అతికించుకోవచ్చు, అదీ ఉచితమే. ఇంట్లో రాయగలిగిన వాళ్ళు రాస్తారు, రాయలేనివాళ్ళు నోట్‌బుక్‌లో రాసి తెస్తారు, మార్కులు రెండింటికీ ఒకటే. టైపింగ్ రాని పిల్లలకి ఫోన్ కీబోర్డ్‌లో మైకు గుర్తు చూపించండి, తెలుగు పెట్టుకుని మాట్లాడితే అదే రాసుకుంటుంది, తప్పులతోనే అనుకోండి. ఆ తప్పులు దిద్దడం కూడా చదువే.

మీ జీమెయిల్ నిండిపోవడం గురించి: ఉచిత అకౌంట్‌కి ఇచ్చే 15 జీబీలోనే మెయిలు, ఫోటోలు, డ్రైవ్ మూడూ సర్దుకోవాలి. పిల్లలు రాసిన అక్షరాలు దానికి ఆవగింజంత. నింపేది వాళ్ళు మీకు పంపే నోట్‌బుక్ ఫోటోలూ, వీడియోలూ, మీ ఫోన్ నుంచి పోయే ఫోటోలూ. స్కూలు పనికి విడిగా ఒక అకౌంట్ తెరవండి, ఇవాళే. నిల్వ కోసమే కాదు. పిల్లల డాక్యుమెంట్లు, మీ ఇంటి బిల్లులు, మీ అబ్బాయి పుట్టినరోజు ఫోటోలు అన్నీ ఒకే అకౌంట్‌లో ఉండి, రేపు ఏదో విచారణ అని "ఒకసారి మీ అకౌంట్ తెరవండి మేడం" అంటే మీకే ఇబ్బంది.

కాపీ కొట్టి అతికించడం గురించి కూడా అడిగారు. దానికి హిస్టరీ బాగా పనికొస్తుంది, ఒకేసారి ముప్ఫై లైన్లు ఊడిపడితే తెలిసిపోతుంది. తిట్టొద్దు, ఆ ముప్ఫై లైన్ల పక్కన "ఇది నీ మాటల్లో మూడు లైన్లలో చెప్పు" అని ఒక కామెంట్ పెట్టండి. అంతకు మించి దాని వెనక పడకండి.

సీనియర్ టీచర్‌గారి మాట పట్టించుకోనక్కర్లేదు గానీ, ఆవిడ అన్నదాంట్లో ఒక ముక్క నిజముంది, బోర్డు మీద రాసింది అందరికీ ఒకేసారి కనబడుతుంది, ఫోన్ ఉన్నా లేకపోయినా. వీలైతే ఆవిడ క్లాసు పిల్లలతోనే పక్క గుంపు డాక్యుమెంట్లకి కామెంట్లు పెట్టించండి. ఆవిడకి అందులో ఎర్రపెన్ను కనిపిస్తే మీ పక్షానికి వచ్చేస్తారు.

మీవారికి మాత్రం ఏం చెప్పాలో నాకు తోచలేదు. జీతం సంగతి ఆయన అన్నది సబబే.

చివరగా, మేనేజ్‌మెంట్ అసలు ఒప్పుకోకపోతే? అప్పుడు వాళ్ళ మాట కాదని మళ్ళీ రహస్యంగా లింకులు పంపొద్దు, ఈసారి ఏం జరిగినా మీ ఒక్కరి మెడకే చుట్టుకుంటుంది. ఇప్పటిదాకా పిల్లలు రాసిందాన్ని పీడీఎఫ్‌గా దించి, ప్రింట్ తీసి, పేజీకి పక్కన వెడల్పుగా మార్జిన్ వదిలి గోడకి అంటించండి. పెన్నులు అక్కడే దారానికి కట్టి వేలాడదీయండి, మార్జిన్‌లో ఎవరికి ఏం అనుమానం వస్తే అది పేరు పెట్టి రాయమనండి. ఇంటి నుంచి రాయడం కుదరదు, పాత వెర్షన్లు చూడటం కుదరదు, చేతిరాత తెలిసిపోతుంది కాబట్టి కొంతమంది జంకుతారు కూడా. అయినా ప్రశ్న, దానికి జవాబు, జవాబు మీద ఇంకో ప్రశ్న అన్న వరస సాగుతుంది. ఆ అమ్మాయి తిరిగి వచ్చాక మొదటి ప్రింట్ తనకే ఇవ్వండి, ఏ పేజీ ఎక్కడ అంటించాలో తననే చెప్పమనండి. తను వద్దంటే బలవంతపెట్టకండి.